అది ఊయల కాదు, మోపురాయి

మా ఊరి మోపురాయిని తీసుకుపోయి, పొల్లాచ్చి దారిలో ఒక రిసార్టు తోటలో నిలబెట్టి, పక్కన "పాళెగారి ఊయల" అని బోర్డు పెట్టారు. అది పాళెగారిది కాదు. ఊయల అంతకన్నా కాదు. పైబండకు రెండు ఇనుప గొలుసులు తగిలించి, చెక్కపలక వేలాడదీశారు. పెళ్లిళ్లకు వచ్చినవాళ్లు దాని మీద కూర్చుని ఫోటోలు దిగేవారు.

ఇది ఎవరో చెబితే విన్నది కాదు. మా చెల్లెలి మనవరాలి నిశ్చితార్థం ఆ తోటలోనే జరిగింది. చేతులు కడుక్కోవడానికి వెళ్తూ చూశాను. ఆ తర్వాత ఆకులో సందగ, అదే మా బియ్యపు సేమ్యా, వడ్డించారు, కొబ్బరిపాలు పోశారు. నాకు ఒక్క ముద్ద దిగలేదు. పక్కనున్న బావమరిది "ఏమి బావా, ఉప్పు తక్కువా?" అని అడిగాడు. ఉప్పు సరిపోయింది. తక్కువైంది సిగ్గు, అదీ ఆ బోర్డు రాసినవాడికి.

నేను బడికి పోయింది కొద్దిరోజులే. పోయినా అది అరవబడి. తెలుగు అక్షరాలు పాత పంచాంగాలు ముందేసుకుని నేనే కూడబలుక్కున్నాను. కాబట్టి ఇందులో వాక్యం ఎక్కడైనా వంకరపోతే చదివేవాళ్లు సరిచేసుకోండి. మా మాటల్లో అరవం కలుస్తుంది, 'నేనే' అనడానికి 'నేనుదా' అంటాం. సంగతి మాత్రం వంకరది కాదు.

మోపురాయి అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియదు. దారి పక్కన నిలువుగా రెండు రాతి స్తంభాలు పాతి, మనిషి భుజమంత ఎత్తులో వాటి మీద ఒక బండ అడ్డంగా పరుస్తారు. అరవంలో సుమైతాంగి అంటారు. తలమీద మూట పెట్టుకుని కోసుల దూరం నడిచే మనిషి ఒంటరిగా దాన్ని నేలకు దించలేదు. ఎలాగో దించినా మళ్లీ ఎత్తుకోలేదు. మోపురాయి ఉంటే ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు. బండ పక్కకు వచ్చి నిలబడి, మూటను తలమీద నుంచి బండ మీదికి జరపడమే. కాసేపు ఊపిరి పీల్చుకుని, మళ్లీ తల దాని కిందికి పెట్టి సాగిపోవడమే.

అది ఎందుకు నిలబెడతారో కూడా చెప్పాలి. కడుపుతో ఉన్న ఆడపిల్ల కానుపు కాకుండానే పోతే, ఆమెవాళ్లు ఆమె కోసం ఆ రాయి పెట్టించేవారు. ఆమె దించుకోలేకపోయిన బరువు, దారినపోయేవాళ్లు తమ మూటలు దించుకున్నప్పుడల్లా కొంచెం కొంచెం దిగుతుందని నమ్మకం.

మా ఊరి రాయి చివరింటి అత్త కూతురిది. అత్త అంటే నాకు సొంత అత్త కాదు. ఊరి పిల్లలందరికీ అత్త. సన్నటి మనిషి, పెద్ద గొంతు. ఆమె ఇల్లు దాటితే కినత్తుకడవు సంతకు పోయే మట్టిదారి. కూతురు తొలికానుపుకని పుట్టింటికి వచ్చింది, జ్వరం తగిలింది, నెలలు నిండకముందే పోయింది. అప్పటికి నేను ఇంకా పుట్టలేదు. మా అవ్వ ఉలవలు ఏరుతూ చెబుతుంటే విన్నవే ఇవన్నీ.

ఆ రాయి కోసం అత్త ఎవరినీ చెయ్యి చాచి అడగలేదట. వాళ్ల బావి ఎండిపోయి మోట ఆగిపోయింది. మోట గిలకను మోసిన రెండు రాతి స్తంభాలూ ఊరికే నిలబడి ఉన్నాయి. వాటిని పెరికించింది. పైబండ కోసం ఇంటి ముందరి అరుగు బండనే ఊడదీయించింది. ఆ బండ మీద రెండు వరసల్లో గుంటలు తొలిచి ఉంటాయి. కూతురు చిన్నప్పుడు వానరోజుల్లో చింతగింజలు పోసుకుని ఆడుకున్న వామనగుంటలు అవి. అప్పటినుంచి అత్త ఇంటికి సగం అరుగే. మిగతా సగం అలాగే బోసిగా ఉండేది. ఎవరైనా అడిగితే "నా బిడ్డ ఆ పక్కన కూర్చోనుండాది" అనేది.

నేను రాయిని గుర్తుపట్టిన ఆ గుంటలకే రిసార్టువాళ్లు "రాజుగారికి దీపాలు వెలిగించిన గుంటలు" అని రాశారు.

సంతరోజు తెల్లవారేసరికి ఆ దారి వాసన మారిపోయేది. ముందు చింతపండు వచ్చేది, వెనక పసుపు. ఆ తర్వాత తడిపిన గోనెపట్టా కింద చిన్న ఉల్లిపాయలు. మోరకుండలు, అంటే మజ్జిగకుండలు, మోసుకొచ్చేవాళ్ల వెంట పుల్లటి చల్లదనం ఒకటి నడిచేది. నల్లరేగడి పల్లెల ఆడవాళ్లు తలమీద గుడ్డచుట్ట, దాని మీద గంప, నడుము దగ్గర ముడేసిన వేయించిన వేరుశనగలతో వరసగా వచ్చేవారు. మేం పిల్లలం మోపురాయి దగ్గర కాపు కాసేవాళ్లం. గంప దించి నడుము విరుచుకుంటున్న మనిషిని "అక్కా, అక్కా" అని పలకరిస్తే ఒక గుప్పెడు వేరుశనగలు దొరికేవి. దొరక్కపోతే చింతపండు మూటలోంచి ఒక రెమ్మ తానే జారిపోయేది. జారిపోయేలా చూసుకునేవాళ్లం.

మూటలు లేనప్పుడు ఆ బండకు గబ్బిలాల్లా వేలాడేవాళ్లం. అత్త కంట పడితే అయిపోయామన్నమాటే. చీపురు పట్టుకుని వచ్చేది.

"దిగురా కోతీ! కడుపుతో ఉండే పిల్ల మీద ఎక్కి ఊగుతావా? మీ అమ్మ కడుపు పట్టుకుని ఊగు, పో!"

చీపురుదెబ్బలు నా పిర్రల మీద ఎన్ని పడ్డాయో చెప్పలేను. అందుకే ఆ గొలుసులు చూసినప్పుడు నాకు ముందు వినిపించింది అత్త గొంతే.

ఒక ఎండాకాలం, అమ్మవారి పండగకు ముందు, కొబ్బరిపీచు నింపుకొచ్చిన బండి ఒకటి ఎద్దులు బెదిరి మోపురాయికి గుద్దుకుంది. ఒక స్తంభం ఒరిగిపోయింది. పైబండ కింద పడింది. విరగలేదు, అదే పుణ్యం. ఊరి పెద్దలు కాఫీ అంగడి బెంచీ మీద కూర్చుని ఆలోచన చేశారు. అందులో మా తాత కూడా ఉన్నాడు. పండగ పనులున్నాయి, రాతిపనివాళ్లు గుడి దగ్గర ఉన్నారు, పండగ అయ్యాక చూద్దాం అని తేల్చారు. తేల్చి ఇంకో కాఫీ తాగారు.

మరుసటి సంతరోజు తెల్లవారకముందే అత్త చెంగు బిగించి, పడిపోయిన రాయి పక్కన నిలబడింది. ఆ పొద్దు నేను తాటిబెల్లం కాఫీకని పాలచెంబు పట్టుకుని ఆ దారినే వస్తున్నాను.

"ఏమత్తా, ఈడ నిలబడినావు?"

"రాయి పడిపోయింది గదరా."

"అవును."

"నేను పడలేదు గదా. నీ చెంబు ఇంట్లో పెట్టేసి రా. నువ్వు ఆ పక్క, నేను ఈ పక్క."

మొదట వచ్చినామె చింతపండు గంపతో వచ్చింది. రాయి లేని చోటు చూసి ఆగిపోయింది. అత్త ఎదురెళ్లి "రామ్మా, చెయ్యి పడతాను" అని గంప అంచు పట్టుకుంది. నేను రెండో అంచు పట్టుకున్నాను. గంప దిగింది. ఆమె మెడ తిప్పుకుంటూ, ఏదో పోగొట్టుకున్నది దొరికినట్టు నవ్వింది. కాసేపటికి మళ్లీ ఎత్తాం. ఆ వెనకే ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొకరు. ఒక మోరకుండ నా వైపు ఒరిగి నా నెత్తిన అభిషేకం అయింది. ఆ కుండ తెచ్చినామె తిట్టడానికి నోరు తెరిచి, నన్ను చూసి పగలబడి నవ్వింది. "పోయిన మోర పోయింది, నీ తలకాయన్నా చల్లబడనీ కన్నూ!" అంది. ఆ రోజంతా ఈగలు నన్ను వదల్లేదు.

కాఫీ అంగడి నుంచి వెటకారాలు వచ్చాయి.

"ఏమ్మే, రాయి అయిపోయినావా?"

"రాయి అయితే మేలుదా అన్నా. మీ మాటలు వినిపించవు."

ఎండ ఎక్కుతున్నప్పుడు ఊరి అవతలి పేట నుంచి ఒకామె కట్టెలమోపుతో వచ్చింది. ఆ కాలంలో ఆ పేటవాళ్లు మనవాళ్ల చేతికి చెయ్యి తగలనివ్వకుండా, మిగతావాళ్లు సాగిపోయాక దూరంగా వచ్చి రాయిని వాడుకునేవారు. రాయి ఎవరినీ అడగదు. ఇప్పుడు రాయి లేదు, మనిషి ఉంది. ఆమె అల్లంత దూరంలో ఆగి, మెడ నరాలు తేలిపోతున్నా కదలకుండా నిలబడింది. "చెయ్యి పట్టండి" అని ఆ మాట నోరు తెరిచి అడగలేకపోయింది. అత్త నడుచుకుంటూ వెళ్లి మోపు దించింది. నన్ను కేకేసి అంబలిచెంబు తెమ్మంది. సజ్జ అంబలి, అందులో చిన్న ఉల్లిపాయలు, మజ్జిగ మిరపకాయ. ఆమె దోసిలి పట్టింది. అత్త "చెంబు ఎత్తి తాగమ్మా, దోసిట్లో ఉల్లిపాయ నిలవదు" అంది.

ఈ వార్త మాకన్నా ముందే మా ఇంటికి చేరింది. సాయంత్రం మా తాత అత్తను పిలిపించాడు.

"వాళ్ల మోపు తాకినావంట?"

"తాకినా మామా."

"ఏమిటికి?"

"బరువుగా ఉండింది."

లోపల ఉలవకట్టు తాలింపు పెడుతున్న మా అవ్వ నవ్వు ఆపుకోలేక దగ్గింది. తాత మొహం ఎర్రబడింది.

"ఊరికి ఒక కట్టు ఉండాది. తెలుసా తెలియదా?"

అప్పుడు అత్త అన్న మాట నాకు ఇప్పటికీ ఆమె గొంతుతోనే వినిపిస్తుంది.

"నా కూతురు ఇన్నేండ్లు ఆ దారిలో నిలబడింది మామా. ఎవరి మూటనైనా నీది ఏ పేట అని అడిగి దించుకొనిందా? మీరు ఆ రాయికి పండగ పండగకీ పసుపు పూసి మొక్కతారు. అది చేసిన పనిదా నేనూ చేస్తా ఉండా. రాయి చేస్తే దేవుడు, మనిషి చేస్తే తప్పా?"

తాత తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఆవును కట్టేయాలని లేచిపోయాడు. ఆవును అప్పటికే కట్టేశారు.

మరుసటి సంతకు అత్త పక్కన మా అవ్వ నిలబడింది. మా అవ్వ ఊరి కట్టు తాతకన్నా గట్టిగా పట్టుకునే మనిషి. ఎందుకు వచ్చావని అత్త అడగలేదు. "ఉలవలు నానేసి వచ్చినా, పొద్దు పోదు" అని అవ్వే చెప్పుకుంది. ఆ పై సంతకు ఇంకో రెండిళ్ల ఆడవాళ్లు వచ్చారు. ఎవరూ వంతులు వెయ్యలేదు. వీలున్నవాళ్లు వచ్చి నిలబడ్డారు. అవతలి పేట ఆమె కూడా, తన మోపు అమ్ముకుని తిరిగి వస్తూ, మిగతావాళ్లకు మూటలు ఎత్తిపెట్టేది. పిల్లలం నీళ్లచెంబులు పట్టుకుని అటూ ఇటూ పరిగెత్తేవాళ్లం. వేరుశనగలు అడుక్కోవాల్సిన పని లేదు. ఒళ్లో పోసి వెళ్లేవారు.

పండగ అయింది. రాతిపనివాళ్లు వేరే ఊరు వెళ్లిపోయారు. పెద్దలు మళ్లీ కాఫీ తాగుతున్నారు. ఆ సంతరోజు పొద్దు వాలే వేళ, ఖాళీ గంపలతో ఆడవాళ్లు తిరిగి వస్తున్నారు. అత్త పడిపోయిన బండ మీద చెయ్యి పెట్టి, అంగడి వైపు తిరిగి అరిచింది.

"దించేది ఇన్ని సంతలూ మేము దించినాము. ఇప్పుడు ఎత్తాల. చెయ్యి పట్టేవాళ్లు ఉండారా?"

బెంచీ మీద ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బదులు దారి వైపు నుంచి వచ్చింది. మోరకుండ ఆమె తన ఖాళీకుండ పక్కన పెట్టి, "మేము ఉండాము" అంది.

నేను చూసిన గొప్ప పనుల్లో దాన్ని మించింది ఇంకొకటి లేదు. ముందు మా నాయన గడ్డపార తెచ్చి, ఒరిగిన స్తంభాన్ని సరిచేశాడు. మేం పిల్లలం గులకరాళ్లు పోసి, ఎగిరెగిరి తొక్కాం. తర్వాత ఆడవాళ్లంతా తలమీద గుడ్డచుట్టలు పెట్టుకున్నారు. బండను ముందు మోకాళ్ల మీదికి, మోకాళ్ల నుంచి భుజాలకు, భుజాల నుంచి తలల మీదికి తీసుకున్నారు. ఇన్నేళ్లూ వాళ్ల మూటలు మోసిన బండను ఇప్పుడు వాళ్లు మోశారు. నడుమ అత్త, ఆమె భుజానికి భుజం తగిలిస్తూ అవతలి పేట ఆమె. అడుగు అడుగు పక్కకు జరుగుతూ స్తంభాల నడుమకు వచ్చి, "వంగండమ్మా, మెల్లిగా, మెల్లిగా" అని అవ్వ అరుస్తుంటే మోకాళ్లు వంచారు. బండ స్తంభాల మీద కూర్చున్న చప్పుడు నా అరికాళ్లకు తెలిసింది. ఒకళ్లు కురవై పెట్టారు. వెంటనే అందరూ నాలుక ఆడిస్తూ కురవై పెట్టారు. మామూలుగా పెళ్లికో సీమంతానికో పెట్టే కేక అది. అత్త వెక్కి వెక్కి ఏడ్చింది, ఆ ఏడుపులోనే నవ్వింది.

చివరన మా తాత లేచి వచ్చాడు. బండ మీద చెయ్యి వేసి కదిపి చూశాడు. కదల్లేదు. "బాగా కూర్చొనింది" అన్నాడు. ఆయన నోటినుంచి అంతకన్నా పెద్ద బిరుదు ఎవరికీ రాలేదు.

అత్త పేరు నేను రాయను. ఆ రాయి మీద ఆమె కూడా ఏ పేరూ చెక్కించలేదు. ఆమె పోయి చాలా కాలమైంది. దారి తారురోడ్డు అయింది, తారురోడ్డు ఇంకా వెడల్పయింది. వెడల్పు చేసినవాళ్లు రాయిని పెరికి చెత్తరాళ్లతో పాటు పక్కన పడేశారు. అప్పుడు నేను మోకాలి ఆపరేషనై మంచంలో ఉన్నాను. లేచి వచ్చేసరికి అక్కడ రాయి లేదు. పగలగొట్టి కంకర చేశారనుకున్నాను. నిశ్చితార్థం రోజున కదా తెలిసింది.

ఆ రోజు భోజనం వదిలేసి రిసార్టు యజమానిని పిలవమన్నాను. వచ్చింది ముప్పై దాటని ఆడపిల్ల. మనవాళ్ల పిల్లే. కొబ్బరితోటలవాళ్ల ఇల్లు.

"వాంగ, రండి తాతా, ఏమి కావాల? నాకు తెలుగు చదవను రాదు, మాట్లాడతాను" అంది.

"చదవాల్సిన పని లేదు అమ్మిణీ. ఆ బోర్డు ఎవరు రాసినారు?"

"డిజైనరు. ఏమి తాతా, తప్పుగా ఉండాదా?"

"తప్పు తప్ప ఇంకేమీ లేదు."

ఆ పిల్లను రాయి పక్కన నిలబెట్టి, నేను ఊయల చెక్క మీద కూర్చోకుండా, కర్ర పట్టుకుని నిలబడే ఇదంతా చెప్పాను. లోపల నాదస్వరం మోగుతోంది, ఎవరో నన్ను వెతుకుతున్నారు, నేను కదల్లేదు. ఆ పిల్లా కదల్లేదు. వామనగుంటల సంగతి దగ్గరకు వచ్చినప్పుడు ఒక గుంటలో వేలు పెట్టి తిప్పింది. ఆ నిమిషంలోనే పనివాణ్ణి పిలిచి గొలుసులు తీయించింది. ఆ మట్టుకు మెచ్చుకోవాలి.

కానీ రాయిని అడిగితే మాత్రం తడబడింది.

"మేము దొంగిలించలేదు తాతా. కంకర కాబోతుంటే ఎత్తుకొచ్చి కాపాడినాము. బోర్డు మార్చి, మీ అత్త కథ రాయిస్తాను. రాయి ఈడే ఉండనీ. రోడ్డు పక్కన ఏమిటికి? ఈ కాలంలో తలమీద ఎవురు మోస్తారు?"

"నువ్వు ఎప్పుడైనా బస్సు ఆగే చోట నిలబడినావా?"

"లేదు."

"నిలబడి చూడు. మల్లెపూల గంప ఆమె వస్తుంది. మేకలకు ఆకు కోసుకొని ఇంకో ఆమె వస్తుంది. కట్టడం పనికి పోయేవాళ్లు సామాను నెత్తిన పెట్టుకొని వస్తారు. దించే చోటు లేక బస్సు వచ్చేదాకా అట్లే నిలబడుకొనుంటారు. కారు అద్దంలోనుంచి వాళ్లు కనపడరు అమ్మిణీ. కాపాడినావు, సంతోషం. కానీ పని చేసే మనిషిని తెచ్చి నీ తోటలో బొమ్మ చేసినావు."

ఆ పిల్ల మొహం మాడింది. "అమ్మను అడిగి చెప్తాను" అని నా ఫోన్ నెంబరు తీసుకుంది.

బదులు రాలేదు. వారం అయింది, ఇంకో వారం అయింది. మా ఇంట్లోవాళ్లు "విడిచిపెట్టండి, మీకేమి పని" అన్నారు. నాకు అదే పని. పంచాయతీలో అడిగి, బస్సు ఆగే చోటు పక్కన జాగా ఒప్పించాను. గడ్డపార తీసుకుని నేనే తవ్వడం మొదలుపెట్టాను. బైకు మీద పోయే కుర్రాడొకడు ఆగి చూశాడు.

"ఏమి తాతా, ఎవరికి గుంత? ఇంగా బాగానే ఉండారు గదా!"

"నీ నోరు పూడ్చేదానికి. దిగి రెండు పోట్లు పొడువు."

వాడు దిగాడు. వాడే తవ్వాడు, నేను చెబుతూ కూర్చున్నాను. ఆ మర్నాడు మల్లెపూల ఆమె గంప నెత్తిన పెట్టుకునే నిలబడి, ఇక్కడ ఏమి రాబోతుందని అడిగింది. చెప్పాను. ఆమె తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ గంప నిండా ఎక్కడినుంచో గులకరాళ్లు తెచ్చి గుంత పక్కన పోసి పోయింది. దాని మీద వాడిన మల్లెలు రెండు మూడు ఉన్నాయి. ఆ రోజు నుంచి ఆమె రోజూ అడిగేది, "రాయి వచ్చిందా పెద్దాయనా?" అని. గులకరాళ్ల కుప్ప పెరిగింది. ఇంకా ఎవరెవరు తెచ్చి పోశారో నాకు తెలియదు.

చిన్నప్పుడు నేను చూసింది ఒక్క అత్తను అనుకునేవాణ్ణి. ఆ కుప్ప చూస్తే అత్తకు ఈ ఊళ్లో వంశం నిలిచిందని తెలిసింది.

ఈ ఉదయం ఇది రాస్తూ కూర్చున్నాను. మర్యాదగా రాద్దామా, గట్టిగా దులిపేద్దామా అని ఆలోచిస్తూ, దులిపేద్దామనే తేల్చుకుని మొదటి వాక్యాలు పెట్టాను. వాటిని ఇప్పుడు కొట్టెయ్యను. జరిగింది జరిగినట్టు ఉండాలి. సగం రాశాక ఫోన్ మోగింది. లారీ చప్పుడులో గొంతు సరిగా వినపడలేదు. "ఎవరమ్మా?" అని అరిచాను. అవతల ఆ పిల్ల కూడా అరిచింది:

"నేనుదా తాతా! రాయి లారీ ఎక్కింది. అమ్మ కూడా నాతో వస్తా ఉండాది. ఆడ చెయ్యి పట్టేవాళ్లు ఉండారా?"